ఉబుంటు, డెబియన్ కంప్యూటర్లకు సరైన మిర్రర్‌ను ఎంచుకోవడం

ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉండి, వీడియోలు తడుముకోకుండా ఆడుతున్నా, ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు మాత్రం నత్తనడకన దిగుతుంటే అనుమానించాల్సింది మన కనెక్షన్‌ను కాదు, ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ ఫైళ్ల మూటలు) వస్తున్న మిర్రర్‌ను. ప్రధాన సర్వర్‌లోని ప్యాకేజీలన్నిటికీ నకళ్లు ఉంచుకుని పంచిపెట్టే సర్వర్‌నే మిర్రర్ అంటారు. విశ్వవిద్యాలయాలు, ఇంటర్నెట్ సంస్థలు, హోస్టింగ్ కంపెనీలు వీటిని నడుపుతుంటాయి. మన దేశంలో ఐఐటీ కాన్పూర్ కంప్యూటర్ సైన్స్ విభాగం నడిపేది చాలామందికి తెలిసిందే.

అసలు మార్చాల్సిన అవసరం ఉందా అన్నది ముందుగా తేల్చుకోవాలి. మరో లినక్స్ సిస్టమ్ అయిన డెబియన్ వాడేవారికి సాధారణంగా ఉండదు. అందులో మామూలుగా కనిపించే డెబ్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్ అనేది ఒక్క యంత్రం కాదు. అది దగ్గరలోని కేంద్రం నుంచి ఫైళ్లు అందించే సీడీఎన్ కనుక దాన్ని అలాగే వదిలేయడం మేలు. ఉబుంటులో ఆర్కైవ్ చిరునామాకు ముందు దేశం గుర్తుగా ‘ఇన్’ అని ఉండవచ్చు గానీ, అంతమాత్రాన సర్వర్ మన దేశంలోనే ఉందని అనుకోనక్కర్లేదు. ఆ దేశానికంటూ మిర్రర్ కేటాయించనప్పుడు ఆ పేరు ప్రధాన సర్వర్లకే దారి చూపుతుంది.

వేగం కంటే ముందు చూడాల్సింది మిర్రర్ తాజాగా ఉందా లేదా అన్నదే. ఎంత వేగంగా ఇచ్చినా, వారం కిందటి ప్యాకేజీలిచ్చే మిర్రర్ వల్ల ప్రయోజనం లేదు. ఉబుంటు అధికారిక మిర్రర్ల జాబితా లాంచ్‌ప్యాడ్ అనే వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఏది తాజాగా ఉందో, ఏది వెనకబడిందో అక్కడే రాసి ఉంటుంది. స్వయంగా చూడాలంటే మరింత నమ్మకమైన దారి ఉంది. బ్రౌజర్‌లో ఆ మిర్రర్ చిరునామా తెరిచి, డిస్ట్స్ ఫోల్డర్‌లోకి, అందులో నోబుల్-అప్‌డేట్స్‌లోకి (నోబుల్ అంటే ఉబుంటు 24.04 వెర్షన్ పేరు) వెళ్లి, రిలీజ్ అనే ఫైలు తెరిస్తే మొదటి కొన్ని వరుసల్లోనే తేదీ, సమయం కనిపిస్తాయి. ప్రధాన సర్వర్‌లోని అదే ఫైలుతో పోల్చి చూస్తే, మిర్రర్ కొన్ని గంటలు వెనకబడిందా, కొన్ని రోజులా అన్నది తేలిపోతుంది. పొరపాటున ఉత్త నోబుల్ ఫోల్డర్ తెరిస్తే మాత్రం ఎక్కడ చూసినా 2024 ఏప్రిల్ తేదీయే ఉంటుంది, ఎందుకంటే 24.04 విడుదలైన తరువాత ఆ భాగం మారదు.

తాజాగా ఉన్నవాటిలో రెండు మూడింటిని ఎంచుకుని అప్పుడు వేగం కొలవాలి. పింగ్ సమయం (సర్వర్ జవాబుకు పట్టే సమయం) చూసి నిర్ణయించేవారు చాలామంది ఉన్నారు గానీ, అది సర్వర్ ఎంత త్వరగా పలుకుతుందో చెబుతుందే తప్ప ఎంత వేగంగా ఫైలు ఇస్తుందో చెప్పదు. ఫెడోరా అనే మరో లినక్స్ సిస్టమ్‌లోని ఫాస్టెస్ట్ మిర్రర్ సెట్టింగ్‌కూ ఇదే పరిమితి ఉంది. అందుకని ప్రతి మిర్రర్ నుంచీ ఒకే పెద్ద ఫైలును, అంటే కొన్ని పదుల ఎంబీల ప్యాకేజీని, ఫైళ్లు దించే కమాండ్లయిన కర్ల్‌తోనో డబ్ల్యూగెట్‌తోనో దించి చూడాలి. ఒకసారి ఉదయం, మరోసారి నెట్ రద్దీగా ఉండే రాత్రి వేళ. హైదరాబాద్‌లో కూర్చున్నవారికి కూడా దేశంలోని మిర్రర్ కంటే సింగపూర్‌లోనిది వేగంగా రావడం వింతేమీ కాదు, ఎందుకంటే మన నెట్ కంపెనీ ట్రాఫిక్‌ను ఏ దారిన పంపుతుందన్నది మ్యాప్‌లోని దూరాన్ని బట్టి ఉండదు.

మార్చడం సులువే. డెస్క్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్ తెరిచి, డౌన్‌లోడ్ ఫ్రమ్ అన్నచోట అదర్ నొక్కి, జాబితాలోంచి మనం పరీక్షించినదాన్ని ఎంచుకోవచ్చు. అక్కడే సెలెక్ట్ బెస్ట్ సర్వర్ అనే బటన్ ఉంది గానీ, దాని తీర్పును నేను సూచనగానే తీసుకుంటాను. సర్వర్ యంత్రాల్లో అయితే, 24.04 నుంచి చిరునామాలు ఆప్ట్ (ప్యాకేజీలను దించి ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్) సెట్టింగ్స్‌లోని సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డీ ఫోల్డర్‌లో ఉబుంటు డాట్ సోర్సెస్ అనే ఫైల్లో ఉంటాయి. ఆ ఫైలుకు నకలు తీసి హోమ్ ఫోల్డర్‌లో దాచాలి. అసలు ఫైలున్న ఫోల్డర్‌లోనే, అదే డాట్ సోర్సెస్ ముగింపుతో దాస్తే ఆప్ట్ రెండింటినీ చదివి, ఒకే చిరునామా పలుమార్లు ఉందంటూ హెచ్చరికలు గుప్పిస్తుంది.

ఫైల్లో రెండు భాగాలుంటాయి. మొదటి భాగంలో మిర్రర్ చిరునామా ఉండే యూఆర్ఐస్ వరుసను మాత్రమే మార్చండి. రెండోది సెక్యూరిటీ డాట్ ఉబుంటు డాట్ కామ్‌ది, దాన్ని కదపకండి. భద్రతా సవరణ విడుదలైన వెంటనే అందాలి, మిర్రర్ సింక్ అయ్యేదాకా ఆగడానికి వీల్లేదు. మిర్రర్ నడిపేవారు ప్యాకేజీల్లో ఏమైనా కలుపుతారేమో అన్న భయం అక్కర్లేదు. రిలీజ్ ఫైలుపై ఉబుంటు లేదా డెబియన్ వారి డిజిటల్ సంతకం, దాని ద్వారా ప్రతి ప్యాకేజీకీ హ్యాష్ (ఫైల్లో ఏ మార్పు జరిగినా పట్టించే సంఖ్య) ఉంటాయి కాబట్టి మార్చిన ప్యాకేజీని ఆప్ట్ తిరస్కరిస్తుంది. కానీ సరైన సంతకమున్న పాత జాబితానే మళ్లీ మళ్లీ చూపిస్తూ కొత్త సవరణలను తొక్కిపెట్టడం సాధ్యమే. 2008లో అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు కల్పిత సంస్థ పేరుతో మిర్రర్లు పెట్టి, వాటికి పలు లినక్స్ సిస్టమ్‌ల అధికారిక జాబితాల్లో చోటు సంపాదించి మరీ ఈ ప్రమాదాన్ని చూపించారు.

మార్చాక టెర్మినల్‌లో సుడో ఆప్ట్ అప్‌డేట్ అనే కమాండ్ నడపాలి. ‘హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్’ అనో, ‘మిర్రర్ సింక్ ఇన్ ప్రోగ్రెస్’ అనో వస్తే ఆ సమయంలో మిర్రర్ నకలు చేసుకుంటోందని అనుకోవచ్చు. గంట రెండు గంటలు ఆగి మళ్లీ ప్రయత్నించండి. రోజుల తరబడి అదే వస్తుంటే మరో మిర్రర్ చూసుకోవాలి. ఫైలు దొరకలేదని చెప్పే 404 వస్తే మాత్రం మీ వెర్షన్ మద్దతు గడువు ముగిసిందేమో చూడండి. అలాంటి పాత ఉబుంటు ప్యాకేజీలు ఓల్డ్-రిలీజెస్ సర్వర్‌కు, డెబియన్‌వి ఆర్కైవ్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్‌కు తరలిపోతాయి కనుక, ఎన్ని మిర్రర్లు మార్చినా అవి దొరకవు.