గోదావరి గట్టున పొద్దున్నే పిట్టల్ని చూడాలంటే

ఫాల్గుణం చివర్లో మొదలై చైత్రమంతా గోదావరి ఒడ్డున పిట్టల సందడి ఎక్కువ. చాలావాటికి ఇది జతకట్టే కాలం. రోజూ వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళు కాస్త నెమ్మదిగా నడిస్తే చాలు, బోలెడు కనిపిస్తాయి.

ముందు ఒడ్డు చూసుకోండి. రాజమండ్రి తూర్పు గట్టున ఉంది కాబట్టి పొద్దుటి ఎండ మన వీపు మీద పడుతుంది, నీళ్ళ మీద పిట్ట రంగులన్నీ తేటగా తెలుస్తాయి. అదే ఎదుటి ఒడ్డున కొవ్వూరు నుంచి నదివైపు చూస్తే సూర్యుడు కళ్ళలో కొడతాడు, ప్రతి పిట్టా నల్లగానే ఉంటుంది. మార్చి చివర్లో ఐదు ముప్పావుకల్లా గట్టు మీద ఉండాలి. బైనాక్యులర్స్ కొనేట్టయితే 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) తీసుకోండి. లేకపోయినా ఫర్వాలేదు.

వెళ్ళగానే ఐదు నిమిషాలు నిలబడి వినండి. 'కూ... కూ' అంటూ గొంతు పెంచుకుంటూ పోయేది మగ కోకిల, ఒళ్ళంతా నలుపు, కళ్ళు ఎరుపు. ఆడదానికి గోధుమరంగు ఒంటి మీద తెల్ల మచ్చలుంటాయి, అది 'కిక్ కిక్' అంటుంది.

తర్వాత నీళ్ళవైపు తిరగండి. నలుపు తెలుపు లకుముకిపిట్ట గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ, ముక్కు కిందికి వంచి చేప కోసం చూస్తుంటుంది. ఉన్నట్టుండి రాయి పడ్డట్టు నీళ్ళలో పడుతుంది. ఫోన్ తీసేలోపు అయిపోతుంది, కళ్ళతోనే చూడండి.

ఇసుక తిన్నెల మీదికి దిగితే మాత్రం అడుగు చూసి వేయాలి. తీతువు గూడు కట్టదు. గులకరాళ్ళ మధ్య చిన్న గుంటలో, మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది. మచ్చలతో అవి అచ్చం రాళ్ళలాగే ఉంటాయి. పసుపు కాళ్ళు, కంటి ముందు ఎర్రటి తోలు ఉన్న పిట్ట మీ తలమీద అరుస్తూ తిరుగుతుంటే గుడ్లో పిల్లలో దగ్గర్లోనే ఉన్నట్టు. తీతువు అరిస్తే అపశకునమంటారు గానీ, పాపం అది దాని టెన్షన్. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్ళిపోండి. ఫొటో కోసం ఆగారంటే ఆ కాసేపూ గుడ్లు ఎండకు మాడతాయి, కాకులూ కనిపెడతాయి.

ఫోన్‌లో పిట్టల కూతలు పెట్టి పిలవొద్దు. మరో మగపిట్ట వచ్చిందనుకుని అవి కంగారుపడతాయి.

ఎండ ముదిరేలోపు, ఎనిమిదింటికల్లా తిరిగొచ్చి తేదీ, చోటు, ఏ పిట్టలు ఎన్ని చూశారో రాసుకోండి. పిట్టలు చూసేవాళ్ళు తమ లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించొచ్చు. గుడ్లున్న చోటు మాత్రం అందులో రాయకండి.