రాత్రి లారీ నడుపుతుంటే నిద్ర వస్తోందా? బండి ఎప్పుడు ఆపాలి, కునుకు ఎలా తీయాలి

తెల్లవారుజామున ఒక లారీ ఆగి ఉన్న బండిని వెనక నుంచి గుద్దుతుంది. లేదా ఎదురుగా ఎవరూ లేకపోయినా రోడ్డు దిగి పల్లంలో పడుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు అతివేగం అనేసి వెళ్లిపోతారు. రోడ్డు మీద బ్రేకు వేసిన జాడే లేకపోతే నాకు ముందు వచ్చే అనుమానం నిద్ర మీదే. ఇన్నేళ్ల డ్రైవింగ్‌లో నిద్రని గెలిచానని చెప్పినవాళ్లను చాలామందిని చూశాను. నిద్రని ఎవరూ గెలవరు. బండి ఆపి దానికి కావలసింది ఇవ్వాలి, అంతే.

సామాను పెద్దగా అక్కర్లేదు. అలారం ఉన్న ఫోను, ఫ్లాస్కులో కాఫీ, కళ్ల మీద కప్పుకోవడానికి ఒక తువాలు చాలు.

బయల్దేరే ముందు

ఏడెనిమిది గంటలు పడుకుని ఎక్కండి. లోడింగ్ జరుగుతుండగా క్యాబిన్‌లో నడుం వాల్చడం లెక్కలోకి రాదు. జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమైన్, సెటిరిజిన్ లాంటివి మత్తునిస్తాయి, అవి వేసుకుని స్టీరింగ్ పట్టకండి. గురక గట్టిగా పెడుతూ, ఎంతసేపు పడుకున్నా పగలు తూగుతుంటే డాక్టరుకి చూపించుకోండి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కావచ్చు.

గంటలు లెక్కపెట్టేటప్పుడు నడిపిన గంటలు కాదు, నిద్ర లేచినప్పటి నుంచి లెక్కపెట్టండి. పొద్దున ఆరింటికి లేచి, పగలంతా పనులు చూసుకుని, రాత్రి పదింటికి బండి ఎక్కినవాడు ‘ఇప్పుడే కదా మొదలుపెట్టాను’ అనుకుంటాడు. గంట తిరిగేసరికి అతను లేచి 17 గంటలు. అంతసేపు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో అచ్చయిన ఒక ప్రయోగం తేల్చింది.

ఆగే చోటు ముందే అనుకోండి

రాత్రి రెండు నుంచి ఐదు లోపు ఒళ్లు దానంతట అదే చల్లబడి నిద్ర కోరుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక కూడా అంతే, కాకపోతే కాస్త తక్కువ. రెండు కాకముందే ఎక్కడ ఆగాలో అనుకుని పెట్టుకోండి. పార్కింగ్ ఉన్న పెట్రోలు బంకు మేలు. రోడ్డు అంచున మాత్రం వద్దు, మీలాగే నిద్రలో వచ్చేవాడు మీ వెనకే గుద్దుతాడు.

అసలు కష్టం: ఆపడం

అందరూ తప్పేది ఇక్కడే. కునుకు తీయడం చేతకాక కాదు, ఆపాల్సిన క్షణాన్ని దాటేస్తారు. ఆవలింతలు వస్తాయి, కళ్లు మంట పుడతాయి, బండి గీత మీదకు జరిగి మళ్లీ లోపలికి వస్తుంది. అప్పుడు మనసు ‘ఇంకో పది కిలోమీటర్లు’ అంటుంది. ఆ మాట అంటున్నది నిద్రమత్తులో ఉన్న బుర్ర. తాగినవాడు తాను బాగానే ఉన్నానంటే నమ్మం కదా, దీన్నీ నమ్మకూడదు.

రెప్ప వాలడం చెప్పి రాదు. నాలుగైదు సెకన్లు మెదడు ఆగిపోతుంది, కొన్నిసార్లు కళ్లు తెరిచే ఉంటాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లంటే దాదాపు 90 మీటర్లు. ఆ 90 మీటర్లూ టన్నుల బరువున్న బండిని ఎవరూ నడపట్లేదు. మెలకువ వచ్చాక మీకా సంగతి గుర్తు కూడా ఉండదు.

అందుకే నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: వెనక దాటిన బోర్డు మీద ఏం రాసుందో చెప్పగలనా? చెప్పలేకపోతే తర్వాత కనబడే మొదటి మంచి చోట ఆపేస్తాను, అనుకున్న చోటు దాకా లాగను. ఒకసారి లాగాను. పక్కనున్న క్లీనరు స్టీరింగ్ పట్టుకుని తిప్పకపోతే ఇది రాయడానికి ఉండేవాణ్ణి కాదు. ఆ అబ్బాయి చేతులు గంట దాకా వణుకుతూనే ఉన్నాయి.

అద్దం దించితే, పాటలు పెంచితే తేరుకుంటామని చెప్పేవాళ్ల మాట వినకండి. ఇంగ్లాండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో దీన్ని పరీక్షించారు. చల్లగాలితో, రేడియోతో వచ్చే మేలు కాసేపే, అదీ చాలా కొద్దిగా. ఆ కాసేపూ ఆగే చోటు వెతుక్కోవడానికి వాడండి, దూరం లాగడానికి కాదు. ముఖం మీద నీళ్లు చల్లుకోవడమూ అంతే. ఇద్దరు డ్రైవర్లుంటే బెంగ లేదనేది ఇంకో మాట. కదిలే క్యాబిన్‌లో పడుకున్న రెండోవాడికీ నిద్ర సరిగ్గా పట్టదు.

కునుకు

బండి ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, ఇంజిను ఆపేయండి. ముందు కాఫీ తాగండి, తర్వాత పడుకోండి. చాలామంది తిరగేసి చేస్తారు. కాఫీ పనిచేయడానికి సుమారు అరగంట పడుతుంది, ఈలోపు మీ కునుకు అయిపోతుంది.

20 నిమిషాలకు అలారం పెట్టండి. సీటు వెనక్కి వాల్చి కూర్చునే పడుకోవాలి, వెనక బెర్తు మీద కాదు. బెర్తెక్కితే అలారం ఆపేసి మళ్లీ పడుకుంటారు. గాఢనిద్రలోకి జారాక మధ్యలో లేస్తే బుర్ర మొద్దుబారి ముందుకంటే అధ్వానంగా నడుపుతారు. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకునే ఉండండి.

లేవగానే తాళం తిప్పకండి. దిగి బండి చుట్టూ నడవండి, టైర్లు తట్టి చూడండి. పది పదిహేను నిమిషాలు గడిచాకే కదలాలి.

మళ్లీ వస్తే

గంటన్నర తిరక్కుండా మళ్లీ కళ్లు మూతపడితే రెండో కాఫీ జోలికి పోకండి. ఇక కునుకుతో తీరదు, పూర్తి నిద్ర కావాలి. ఈసారి బెర్తు ఎక్కండి. యజమానికి ఫోను చేసి ఆపేశానని, తెల్లారాక కదులుతానని చెప్పండి. ఆ ఫోను బండి ఆపాకే చేయండి. ముందే చేస్తే ‘కాస్త లాగు’ అంటారు, మీరు సరే అంటారు.