ఇంటికి తగిన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌ను ఎంచుకోవడం ఎలా

ఇంట్లో పెట్టుకోవడానికి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కొనేటప్పుడు చాలామంది మొదట ధర చూస్తారు, ఆ తరువాత సిలిండర్ ఎంత పెద్దదో చూస్తారు. అంతకన్నా ముందు తేల్చుకోవలసినవి రెండు ఉన్నాయి: మన ఇంట్లో అంటుకునే అవకాశం ఎక్కువగా ఉన్నవి ఏవి, అంటుకున్న క్షణంలో ఆ అగ్నిమాపకాన్ని ఎత్తి పట్టుకోవలసింది ఎవరు. ఈ రెండూ తేలితే ఎంపిక చాలావరకు పూర్తయినట్టే.

దీనికి ఒక హద్దు కూడా ఉంది. చేతితో పట్టుకునే అగ్నిమాపకం అప్పుడే మొదలైన మంటకు, ఇంచుమించు చెత్తబుట్ట అంత మంటకు మాత్రమే పనికివస్తుంది. ఇళ్ళలో వాడే చిన్న రకాలు మీట నొక్కి పట్టుకుంటే పది పదిహేను సెకన్లలోనే ఖాళీ అయిపోతాయి. మంట పైకప్పును అందుకుంటున్నా, గది పొగతో నిండుతున్నా చేయవలసింది ఒక్కటే: అందరినీ బయటకు తీసుకువచ్చి, వెనుక తలుపు మూసి, అగ్నిమాపక దళానికి ఫోన్ చేయడం.

కాలుతున్న పదార్థాన్ని బట్టి మంటలను తరగతులుగా విభజించి, ఆ తరగతుల అక్షరాలను అగ్నిమాపకం మీద ముద్రిస్తారు. ఏ అంటే కలప, బట్ట, కాగితం, పరుపు వంటి ఘనపదార్థాలు; బీ అంటే పెట్రోలు, కిరోసిన్, రంగుల్లో కలిపే థిన్నర్ వంటి ద్రవాలు. సీ దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. ఐరోపా పద్ధతిలో సీ అంటే మండే వాయువులు, అమెరికా పద్ధతిలో సీ అంటే కరెంటు ప్రవహిస్తున్న పరికరాలు. వంటనూనె మంటలను ఐరోపాలో ఎఫ్ అనీ, అమెరికాలో కే అనీ సూచిస్తారు. అందుచేత అక్షరంతో సరిపెట్టుకోకుండా, దాని పక్కన ఉన్న బొమ్మను, కింద ఉన్న వివరణను చదివి తీరాలి.

ఇళ్ళకు ఎక్కువగా అమ్ముడయ్యేది ఏబీసీ పొడి రకం. ఇందులో ప్రధానంగా ఉండేది మోనో అమ్మోనియం ఫాస్ఫేట్. ఈ పొడి మంటలో జరిగే రసాయన చర్యల గొలుసును తెంపుతుంది. వేడికి కరిగి, కాలుతున్న కలప మీదా బట్ట మీదా పొరలా అంటుకొని గాలిని అడ్డుకుంటుంది. ఘనపదార్థాలకూ, ద్రవాలకూ, కరెంటు పరికరాలకూ ఒకే సాధనం సరిపోవడం దీని గొప్ప సౌలభ్యం. లోపాలూ ఉన్నాయి. మూసిన గదిలో కొడితే క్షణాల్లో ఎదురుగా ఏమీ కనిపించనంతగా పొడి కమ్ముకుంటుంది, ఊపిరి ఇబ్బందిగా మారుతుంది. తేమ తగిలితే ఈ పొడి లోహాన్ని తినేస్తుంది కాబట్టి ఎలక్ట్రానిక్ పరికరాలు పాడవుతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇది దేన్నీ చల్లబరచదు. ఆరినట్టు కనిపించిన మంట మళ్ళీ రాజుకోవడానికి కారణం అదే. అయినా ఇంటికి ఒకే ఒక్కటి కొనగలిగిన పరిస్థితిలో నేను సూచించేది ఈ రకాన్నే. మంట పుట్టినప్పుడు ఇది ఏ తరగతి అని ఆలోచిస్తూ నిలబడే వ్యవధి ఉండదు గనుక, శుభ్రం చేసుకోవలసిన శ్రమ కన్నా ఆ భరోసా విలువైనది.

కార్బన్ డయాక్సైడ్ రకం ఏమీ మిగల్చకుండా ఆవిరైపోతుంది కాబట్టి కంప్యూటర్లు, విద్యుత్ పరికరాలు ఉన్నచోట అనుకూలంగా ఉంటుంది. అయితే పరుపులో, సోఫాలో లోతుగా రగులుతున్న నిప్పును అది ఆర్పలేదు. గాలి ఆడని చిన్న గదిలో వాడితే మనిషికి ప్రాణవాయువు కరువవుతుంది, వాయువు వెలువడే గొట్టం చేతిని గడ్డకట్టించేంత చల్లబడుతుంది. దీన్ని ఇంటికి రెండవ సాధనంగా అనుకోవచ్చు గాని, మొదటిదిగా కాదు. నీటి రకం, నురగ రకం ఘనపదార్థాలకు బాగా పనిచేస్తాయి. మామూలు నీటి రకాన్ని కరెంటు పరికరాల మీద వాడకూడదు.

వంటగది గురించి విడిగా ఆలోచించాలి. వంటనూనె సుమారు 350 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరితే నిప్పు తగలకుండానే అంటుకుంటుంది. దాని మీద నీళ్ళు పోస్తే, ఆ నీరు అడుగుకు చేరి ఒక్కసారిగా ఆవిరై, దాదాపు 1,700 రెట్లు వ్యాకోచించి, మండుతున్న నూనెను గదంతా ఎగజిమ్ముతుంది. పొడి చల్లితే మంట తగ్గుతుంది గాని నూనె వేడి అలాగే ఉంటుంది కాబట్టి తిరిగి అంటుకుంటుంది. పైగా దగ్గరి నుంచి కొడితే ఆ వేగానికి నూనె చిందుతుంది. నూనె మంటల కోసమే తయారైనది వెట్ కెమికల్ రకం. ఇందులోని పొటాషియం లవణాల ద్రావణం వేడి నూనెతో కలిసి సబ్బులాంటి పొరగా మారి పైన కప్పుకుంటుంది, నూనెను చల్లబరుస్తుంది కూడా. నూనెలో ఎక్కువగా వేయించే ఇంటికి చిన్న వెట్ కెమికల్ సాధనం కొనడం వ్యర్థం కాదు. అది వీలు కాకపోతే ఫైర్ బ్లాంకెట్, అంటే మంటను కప్పి ఆర్పడానికి వాడే కాలని దుప్పటి, ఒకటి ఉంచుకోవాలి. స్టవ్ కట్టేసి, బాణలిని మూతతో గాని, ఆ దుప్పటితో గాని పూర్తిగా కప్పి, నూనె చల్లారేదాకా తీయకుండా ఉండాలి.

రెండు ప్రమాదాలకు ఏ అగ్నిమాపకాన్నీ నమ్ముకోకూడదు. లీకవుతున్న గ్యాస్ మండుతుంటే, సరఫరాను ఆపకుండా మంటను మాత్రమే ఆర్పితే, మండని గ్యాస్ గదిలో పేరుకొని పేలుడుకు దారితీస్తుంది. ముందు వాల్వు కట్టాలి, అది అందకపోతే బయటకు వెళ్ళాలి. వాహనాల్లోని లిథియం బ్యాటరీలు అంటుకుంటే లోపలి రసాయన చర్య తనంతట తానే వేడిని పుట్టిస్తూ పోతుంది కాబట్టి, పొడితో ఆగదు. విషవాయువులు కూడా వెలువడతాయి. అక్కడ కూడా తప్పుకోవడమే సరైన పని.

లేబుల్ మీద అంకెలతో కూడిన రేటింగు ఉంటుంది. ఐరోపా ప్రమాణంలో 13ఏ అంటే 1.3 మీటర్ల పొడవున్న కర్రల పేర్పు పరీక్షలో మంటను ఆర్పగలిగిందని అర్థం. అమెరికా పద్ధతిలో 1ఏ ఇంచుమించు 4.7 లీటర్ల నీటి సామర్థ్యానికి సమానం. అక్కడ ఇళ్ళకు తరచుగా కనిపించే 2ఏ:10బీ:సీ రేటింగు మధ్యస్థమైనది. రెండు పద్ధతుల అంకెలనూ ఒకదానితో ఒకటి పోల్చకూడదు. ఒకే బరువున్న రెండింటిలో ఎక్కువ రేటింగు ఉన్నదాన్ని తీసుకోవాలి. ఏ రేటింగూ, ఏ ప్రమాణ సంస్థ గుర్తూ లేనిదాన్ని ఎంత చవకైనా వదిలేయాలి.

బరువు దగ్గర చాలామంది పొరపడతారు. లేబుల్ మీద 6 కిలోలు అని ఉంటే అది లోపలి పొడి బరువు మాత్రమే. సిలిండర్‌తో కలిపి తొమ్మిది పది కిలోలు ఉంటుంది. ఇంట్లో ఉండే వయసు పైబడినవారో, సన్నగా ఉండేవారో దాన్ని ఎత్తలేకపోతే అది ఉన్నా లేనట్టే. వారినే దుకాణానికి తీసుకువెళ్ళి, ఒక చేత్తో ఎత్తించి, మీటను పట్టుకోనిచ్చి చూడడం మంచిది. చాలా ఇళ్ళకు 2 నుంచి 4 కిలోల పొడి రకం అనువుగా ఉంటుంది. అరచేతిలో పట్టే స్ప్రే డబ్బాలు అదనంగా ఉంటే ఉండవచ్చు గాని, దీనికి బదులు కావు.

కొనే ముందు తయారీ తేదీ చూడాలి, ఒత్తిడి చూపే ముల్లు పచ్చ భాగంలో ఉందో లేదో చూడాలి, మీట అనుకోకుండా నొక్కుకుపోకుండా ఆపే పిన్నుకు వేసిన సీలు చెక్కుచెదరకుండా ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ రకానికి సాధారణంగా ముల్లు ఉండదు. అది నిండుగా ఉందో లేదో తూకం వేసి తెలుసుకోవాలి. వాల్వు, హ్యాండిల్ లోహంతో చేసినవైతే మేలు. 2017లో అమెరికాలో ప్లాస్టిక్ హ్యాండిల్ ఉన్న అగ్నిమాపకాలను, అవసరమైనప్పుడు పూర్తిగా పనిచేయకపోవచ్చన్న కారణంతో, మూడున్నర కోట్లకు పైగా వెనక్కి పిలిపించారు. పైగా లోహపు వాల్వు ఉన్నవాటిని సాధారణంగా మళ్ళీ నింపించుకోవచ్చు.

దాన్ని స్టవ్ పక్కన కాకుండా వంటగది తలుపు దగ్గర, బయటకు వెళ్ళే దారిలో, చేతికందే ఎత్తులో తగిలించాలి. మంటకు అవతల ఉన్న అగ్నిమాపకం ఎవరికీ అందదు. నెలకొకసారి ముల్లు చూసుకోవాలి. ఒక్క సెకను నొక్కి వదిలినా వెంటనే మళ్ళీ నింపించాలి, ఎందుకంటే వాల్వులో ఇరుక్కున్న పొడి అది పూర్తిగా మూసుకోకుండా అడ్డుపడుతుంది, ఒత్తిడి నెమ్మదిగా తగ్గిపోతుంది.