పాత అల్యూమినియం బాణాలతో చేపల బాణాలు చేసుకోడం ఇలాగ

ప్రాక్టీసుకి వాడి ఈకలు ఊడిపోయిన అల్యూమినియం బాణాలు అటక మీద పడుంటే పాత సామాన్లకి వేసీకండి, గెడ్డలోనో (వాగు) బందలోనో (చిన్న చెరువు) చేపని కొట్టడానికి బాగా పనికొస్తాయి. కాకపోతే ఉన్నదున్నట్టు వాడకూడదు, మామూలు బాణం పాతిక ముప్పై గ్రాములే ఉంటది, నీళ్ళలో పడగానే ఊపు చచ్చిపోతుంది, చేపల బాణం అంటే ఎనభై గ్రాముల పైమాటే ఉండాలి.

ముందు ఏరుకోండి. కార్బన్ బాణాలు మాత్రం వద్దే వద్దు, కంటికి కనపడని చీలికుంటే వదిలినప్పుడు విరిగి పేళ్ళు చేతిలోకి దిగిపోతాయి. అల్యూమినియం వాటిమీద 2018, 2117 అని నంబరుంటది చూడండి, మొదటి రెండంకెలు లావు (అంగుళంలో 64వ వంతుల్లెక్కన), తర్వాత రెండు గోడ మందం (అంగుళంలో వెయ్యో వంతుల్లెక్కన). 20తో మొదలయ్యేవి దొరికితే అదృష్టమే, ఎందుకంటే 20/64 అంటే సరిగ్గా 5/16 అంగుళం, చేపల ములికిలు (బాణం ముందు తొడిగే మొనలు) ఎక్కువగా ఆ సైజుకే వస్తాయి. అద్దం మీద దొర్లించి చూడండి, వంకరున్నా నొక్కున్నా పక్కన పెట్టీడమే.

ఈకలు బ్లేడుతో గీకి జిగురంతా తుడిచేయండి, ఈకలుంటే నీళ్ళలో బాణం పక్కకి లాగేస్తుంది. పాత ములికిని కొంచెం వేడిచేసి పట్టకారుతో లాగితే వచ్చేస్తుంది. ఇప్పుడు 6 మిల్లీమీటర్ల ఫైబర్‌గ్లాస్ రాడ్, బోలుది కాదు గట్టిది, బాణం పొడవుకి కోసి లోపలికి దించాలి, బరువంతా దీంతోనే వస్తుంది. కోసేటప్పుడు తడిపి కోయండి, మాస్క్ పెట్టుకోండి, ఆ గాజు పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. రాడ్ వదులుగా ఉంటే అక్కడక్కడ దారం చుట్టి అరల్డైట్ జిగురు బాగా పూసి దించి, ఒక రాత్రంతా కదపకుండా ఉంచండి. తర్వాత ముళ్ళున్న ములికిని అరల్డైట్‌తో ఎక్కించి అడ్డంగా సన్న పిన్ను కొట్టాలి, లేకపోతే ములికి చేపలో ఉండిపోయి బాణం ఒక్కటే తిరిగొస్తుంది.

అసలు జాగ్రత్తంతా బాణాన్ని చేపతో సహా వెనక్కి లాగడానికి కట్టే తాడు దగ్గరే. తాడుని బాణం వెనక కొసకి ముడేసీసి వదిలితే, అది నారికో వింటికో తగులుకుందంటే బాణం వెనక్కి తిరిగి మొహం మీదకే వస్తుంది, బయట దేశాల్లో ఇలాగే దెబ్బలు తగిలిన వాళ్ళున్నారు. అందుకే వెనక కొసకి నాలుగు సెంటీమీటర్ల ముందు రాడ్‌తో సహా అడ్డంగా చిల్లు పెట్టి, బాణం మీద అటూఇటూ జారే స్టీలు రింగొకటి ముందే ఎక్కించి, తర్వాత చిల్లులో చిన్న బోల్టు బిగించి, తాడు ఆ రింగుకే కట్టాలి. ఎక్కుపెట్టినప్పుడు రింగు వింటికి ముందు వైపుంటది, వదిలాక జారుతూ వెళ్ళి బోల్టు దగ్గర ఆగుతుంది, తాడు నారి జోలికే రాదు. తాడు అల్లినదే కొనండి, మామూలు నైలాన్ సాగిపోతుంది. తాడుని చేతికో నడుముకో చుట్టుకుని మాత్రం కొట్టొద్దు.

గురి సంగతి: నీళ్ళలో మీటరు లోతునున్న చేప పైనుంచి చూస్తే ముప్పావు మీటరు లోతులోనే ఉన్నట్టు కనపడుతుంది, ఏటవాలుగా చూస్తే ఇంకా పైకి కనపడుతుంది, కాబట్టి చేప కింద గురి పెట్టాలి, దూరం పెరిగేకొద్దీ ఇంకా కిందకి. నీళ్ళు నింపిన సీసాని చెరువులో ముంచి ముందు దానిమీద చేయి తిప్పుకోండి. వానాకాలంలో నాగావళి, వంశధార ఎర్రనీళ్ళలో ఏమీ కనపడదు, సంక్రాంతి దాటాక తేటగా ఉన్నప్పుడే బాగుంటుంది.

బాణం తగిలిన చేపని తిరిగి వదలలేం, తినేదైతేనే కొట్టండి. తిలాపియాలు, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌లు మన చేపలకి చేటు తెస్తున్నాయి, ముందు వాటినే చూడండి. ఎర్రగా పిల్లల గుంపు పైకి తేలుతుంటే కింద కొర్రమీను కాపలా ఉంటది, దాన్ని కొట్టారంటే పిల్లలన్నీ పోయినట్టే. చెరువు వేలంలో పాడుకున్నవాళ్ళుంటారు కదా, వాళ్ళనడగకుండా దిగొద్దు. టెక్కలి దగ్గర తేలినీలాపురం లాంటి పక్షులొచ్చే చోట్లకి బాణం పట్టుకెళ్ళనే వద్దు.

పనయ్యాక బాణాన్ని మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి, భావనపాడు వైపు ఉప్పునీళ్ళలో వాడితే ఇది మరీ ముఖ్యం. ముడి దగ్గర తాడు నలిగితే జానెడు కోసి మళ్ళీ కట్టుకోండి.