అమెరికాలో ఇమ్మిగ్రేషన్ నిర్బంధం, బాండ్: పట్టుబడక ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఇమ్మిగ్రేషన్ నిర్బంధంలో ఉన్న మనిషి బయటికి రావడానికి కట్టే పూచీకత్తు డబ్బును మనవాళ్లు బెయిల్ అంటారు. అక్కడి ఇమ్మిగ్రేషన్ కోర్టులో దాని పేరు బాండ్. పేరులో ఏముందిలే అనుకున్నవాళ్లకే ముందు డబ్బు పోతుంది.

ఎలాగంటే, తాగి కారు నడిపిన కేసులోనో, దుకాణంలో వస్తువు తీసిన కేసులోనో కుర్రాడు కౌంటీ జైల్లో ఉంటాడు. రూమ్మేట్లు చందాలు వేసుకుని రాత్రికి రాత్రి బెయిల్ కట్టేస్తారు. తెల్లారినా అతను బయటికి రాడు. వలస చట్టాలు అమలు చేసే ఐస్ విభాగం అప్పటికే ఆ జైలుకు డీటైనర్ పంపి ఉంటుంది. విడుదల సమయం దాటాక మరో 48 గంటల వరకు మనిషిని ఆపి ఉంచమని కోరే కాగితం అది. ఈలోగా ఐస్ బండి వచ్చి తీసుకుపోతుంది. కట్టిన డబ్బు కౌంటీ కోర్టులో, మనిషి వేరే రాష్ట్రంలో. క్రిమినల్ కేసు వాయిదాకు హాజరు కాలేకపోతే దాని మీద వారంట్ వచ్చే ప్రమాదం అదనం. అందుకే ఒక్క డాలరు కూడా కట్టకముందే జైలు బుకింగ్ డెస్క్‌కు ఫోన్ చేసి “ఇమ్మిగ్రేషన్ హోల్డ్ ఉందా?” అని అడగండి. ఉందంటే క్రిమినల్ లాయరు, ఇమ్మిగ్రేషన్ లాయరు మాట్లాడుకున్నాకే కట్టాలి.

అసలు బాండ్ దొరుకుతుందా

ఇది ఎక్కువగా దేశంలోకి ఎలా వచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎఫ్-1 (చదువు), హెచ్-1బి (ఉద్యోగం) లాంటి వీసాతో విమానాశ్రయంలో తనిఖీ అయి లోపలికి వచ్చి, తర్వాత స్టేటస్, అంటే అక్కడ ఉండే చట్టబద్ధ హక్కు, పోగొట్టుకున్నవారు సాధారణంగా జడ్జి దగ్గర బాండ్ అడగవచ్చు. మాదకద్రవ్యాలు, ఆయుధాలు, మరికొన్ని తీవ్ర నేరాల్లో శిక్ష పడినవాళ్లకు మాత్రం నిర్బంధం తప్పనిసరి. విమానాశ్రయంలోనే ఆపేసినవారికి బాండ్ ఇచ్చే అధికారం ఇమ్మిగ్రేషన్ జడ్జికి లేదు. వాళ్లకున్న దారి పెరోల్, అంటే తాత్కాలికంగా లోపలికి వదలడం. అది అధికారుల చేతిలో ఉంటుంది.

సరిహద్దు దాటి తనిఖీ లేకుండా వచ్చినవారి పరిస్థితి 2025లో పూర్తిగా మారింది. వాళ్లకు బాండ్ ఇచ్చే అధికారం జడ్జీలకు లేదని ఆ ఏడాది సెప్టెంబరులో ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు తీర్పు చెప్పింది. ఫెడరల్ జిల్లా జడ్జీలు చాలామంది దీన్ని ఒప్పుకోలేదు. దాంతో ఒకే రకం కేసుకు ఒక చోట ఒక జవాబు, మరో చోట ఇంకో జవాబు వస్తోంది. నిర్బంధం చట్టబద్ధం కాదని ఫెడరల్ కోర్టులో వేసే హేబియస్ పిటిషన్ మనిషిని ఏ జిల్లాలో ఉంచారో ఆ జిల్లాలోనే వేయాలి. టెక్సస్‌కో లూసియానాకో తరలించక ముందే వేయగలిగితే మేలు. ఇలాంటి కేసుల్లో లాయర్లు అర్ధరాత్రి పిటిషన్లు దాఖలు చేసేది అందుకే.

2025 జనవరిలో వచ్చిన లేకెన్ రైలీ చట్టం మరో మెలిక పెట్టింది. తనిఖీ లేకుండా వచ్చినవారి లాంటి కొన్ని కోవల వాళ్లపై దొంగతనం, షాప్‌లిఫ్టింగ్ అభియోగం ఉంటే చాలు, నేరం రుజువు కాకపోయినా బాండ్ లేకుండా ఉంచాలి. వీసా మీద ఉన్న విద్యార్థులు తమకేం కాదనుకోవద్దు. దొంగతనం, దాడి కేసుల్లో వీసా రద్దు కావచ్చని అమెరికా రాయబార కార్యాలయం 2025 జులైలో భారతీయులను హెచ్చరించింది. వీసా రద్దయితే అదే బహిష్కరణ కేసుకు కారణం కావచ్చు.

ఒక ఫోల్డర్, రెండు కాపీలు

బాండ్ విచారణలో జడ్జి చూసేవి రెండే. ఇతను పారిపోతాడా, బయట వదిలితే ఎవరికైనా ప్రమాదమా? స్థిరమైన చిరునామా, ఎన్నేళ్లుగా ఉంటున్నారు, కుటుంబం, ఉద్యోగం, గతంలో కోర్టు వాయిదాలకు వెళ్లారా, నేర చరిత్ర, దేశంలోకి వచ్చిన తీరు, వీటిని బట్టి తేలుస్తారు. నిరూపించాల్సిన బాధ్యత సాధారణంగా నిర్బంధంలో ఉన్నవారిదే. లోపల కూర్చుని అద్దె ఒప్పందం తెప్పించుకోవడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. కాబట్టి ఇవి ముందే సర్ది ఉంచండి:

- పాస్‌పోర్టు అన్ని పేజీలు, వీసా, తాజా ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు పత్రం), ఇప్పటివరకు వచ్చిన ఐ-20లు (కాలేజీ ఇచ్చేవి) లేదా ఐ-797లు (దరఖాస్తు నోటీసులు), ఈఏడీ (పని అనుమతి) కార్డు రెండు వైపులా
- అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, గత మూడేళ్ల డబ్ల్యూ-2లు (యజమాని ఇచ్చే జీతం, పన్ను పత్రాలు), ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్టులు, పే స్టబ్‌లు
- ఎప్పుడో కొట్టేసిన చిన్న కేసైనా సరే, కోర్టు ఇచ్చిన సర్టిఫైడ్ డిస్పొజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే పత్రం)
- లాయరు మీ తరఫున ఐస్‌తో మాట్లాడేందుకు పనికొచ్చే జి-28 ఫారం, మీ సంతకంతో

ఒక సెట్ స్కాన్ చేసి నమ్మకస్తుడికి, మరో సెట్ ఊళ్లో ఇంట్లోవాళ్లకు. తెలుగులో మాత్రమే ఉన్న కాగితం కోర్టుకు ఇవ్వాలంటే ఇంగ్లిష్ అనువాదం, దానితోపాటు అనువాదకుడి ధ్రువీకరణ జతచేయాలి. అది లేకపోతే ఆ కాగితాన్ని పక్కన పెట్టేస్తారు.

18 ఏళ్లు నిండిన విదేశీయులు రిజిస్ట్రేషన్ రుజువు వెంట ఉంచుకోవాలన్నది చట్టం. ఐ-94 ప్రింటు అందుకు చెల్లుతుంది. పాస్‌పోర్టు అసలు ప్రతిని రోజూ జేబులో తిప్పాల్సిన పని లేదు. ఇల్లు మారితే 10 రోజుల్లోపు ఏఆర్-11 ఫారం ద్వారా వలస దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ సంస్థకు తెలపాలి.

మీ ఏ-నంబరు, అంటే వలస విభాగం మీ ఫైలుకు ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఎక్కడుందో ఇప్పుడే చూసుకోండి. ఓపీటీ (చదువుకు అనుబంధంగా విద్యార్థులకిచ్చే పని అనుమతి) ఈఏడీ మీద ‘యూఎస్‌సీఐఎస్ నంబర్’ అని తొమ్మిది అంకెలు ఉంటాయి, అదే. ఎప్పుడూ ఈఏడీ తీసుకోని హెచ్-1బి ఉద్యోగికి అరెస్టు వరకు ఈ నంబరు ఉండకపోవచ్చు కూడా.

మొదటి రెండు రోజులు

మనిషి ఎక్కడున్నాడో ఐస్ వెబ్‌సైట్‌లోని డీటైనీ లొకేటర్‌లో వెతకవచ్చు. మన పేర్లతో అక్కడే చిక్కు. ఇంటిపేరు ముందా వెనకా, పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉండి మొత్తం గివెన్ నేమ్‌లో పడిందా, ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని చేరిందా, ఒక్క అక్షరం తేడా వచ్చినా ‘ఫలితాలు లేవు’ అంటుంది. పాస్‌పోర్టులో ఉన్నట్టే ఒకసారి, వీసా మీద ఉన్నట్టే మరోసారి, తారుమారు చేసి ఇంకోసారి వెతకాలి. ఏ-నంబరు, పుట్టిన దేశం కొడితే ఈ గోలేమీ ఉండదు. తరలింపు సమయంలో కొంతకాలం కనిపించకపోవచ్చు, దానికే కంగారు పడొద్దు.

వారంట్ లేకుండా అరెస్టు చేస్తే, మామూలుగా 48 గంటల్లోపు కేసు పెట్టాలా, ఉంచాలా, ఎంత బాండ్ అన్నది ఐస్ తేల్చాలి. ఆ నిర్ణయం ఐ-286 అనే కాగితంలో వస్తుంది. అందులో ‘ఇమ్మిగ్రేషన్ జడ్జితో పునఃపరిశీలన కావాలా’ అని ఒక గడి ఉంటుంది. ‘కావాలి’ అన్నచోట టిక్ పెట్టాలి. తొందరలో ‘వద్దు’ అని గుర్తుపెట్టేవాళ్లున్నారు. తర్వాత అడిగే అవకాశం ఉన్నా రోజులు వృథా అవుతాయి.

సంతకం విషయంలో ఇంకా జాగ్రత్త. ‘వెళ్లిపోతా’ అని రాసి ఉన్న కాగితాలన్నీ ఒకటి కాదు. వాలంటరీ డిపార్చర్ (స్వచ్ఛందంగా వెళ్లిపోవడం) వేరు, బహిష్కరణ ఉత్తర్వుకు ఒప్పుకోవడం వేరు. రెండోదానితో ఏళ్ల తరబడి తిరిగి రాకుండా నిషేధం పడుతుంది. చదవకుండా, లాయరుతో మాట్లాడకుండా సంతకం పెట్టకండి. అబద్ధం చెప్పకండి, మౌనంగా ఉండే హక్కుంది. ఒక్కటి మాత్రం చచ్చినా అనకూడదు, ‘నేను అమెరికా పౌరుణ్ని’ అని. ఆ మాటకు దాదాపు జీవితకాల నిషేధం ఉంది.

అమెరికా అధికారులు తమంతట తామే కాన్సులేట్‌కు కబురు పంపాల్సిన దేశాల జాబితాలో మన దేశం లేదు. కాబట్టి “మా కాన్సులేట్‌కు తెలపండి” అని అడగాలి. వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం అది హక్కు. కాన్సులేట్ పలకరిస్తుంది, కుటుంబానికి చెబుతుంది, లాయర్ల జాబితా ఇస్తుంది. బాండ్ ఇప్పించే అధికారం దానికి లేదు, డబ్బు కూడా కట్టదు. లాయరును పెట్టుకునే హక్కుంది కానీ ప్రభుత్వం ఖర్చు భరించదు. ఇక కన్సల్టెన్సీవాళ్లు చూసుకుంటామంటే నమ్మకండి. ఆ రాష్ట్ర బార్ (లాయర్ల సంఘం) వెబ్‌సైట్‌లో పేరు కొట్టి లైసెన్సు ఉందో లేదో చూడండి, రెండు నిమిషాల పని.

విచారణ

బాండ్ ఫైలు, బహిష్కరణ ఫైలు వేర్వేరు. ఒకదాంట్లో ఇచ్చిన కాగితం రెండోదాంట్లో ఉన్నట్టు కాదు. రెండింటికీ విడివిడిగా దాఖలు చేయాలి. ఒకసారి తిరస్కరిస్తే, పరిస్థితి గణనీయంగా మారిందని చూపితేనే మళ్లీ వింటారు. అందుకే అరకొర కాగితాలతో మొదటి వాయిదాకు పరిగెత్తడం కంటే, సగం సిద్ధంగా ఉంటే రెండు రోజులు ఆగమనే లాయరు మాట వినండి.

స్పాన్సర్ లేఖ చాలామంది పాడుచేసే కాగితం. “చాలా మంచివాడు, నాకు తమ్ముడి లాంటివాడు” అని ఒక పేజీ నింపితే జడ్జికి ఏం తెలుస్తుంది? రాసేవారి స్టేటస్, చిరునామా, ఎన్నేళ్లుగా తెలుసు, విడుదలయ్యాక ఏ గదిలో ఉంటాడు, తిండి ఖర్చు ఎవరిది, కోర్టుకు ఎన్ని మైళ్లు, ఎవరి కారులో తీసుకెళ్తారు, ఇవి రాయాలి. కింద సంతకం, తేదీ, ఫోను. వెనక గ్రీన్ కార్డు లేదా పాస్‌పోర్టు కాపీ, ఇంటి అద్దె లేదా మార్ట్‌గేజ్ కాగితం.

తాగి నడిపిన కేసుంటే దాన్ని దాచొద్దు. అలాంటి కేసును అప్పీళ్ల బోర్డు బాండ్ విషయంలో తీవ్రంగానే లెక్కేస్తుంది. కౌన్సెలింగ్‌కు వెళ్లిన సర్టిఫికెట్, కట్టిన జరిమానా రసీదు ముందుంచాలి.

ఫార్మింగ్టన్ వ్యవహారం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 2019 జనవరి చివర్లో అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలో తెలుగువారు చాలామంది. అది ప్రభుత్వమే నడిపిన బూటకపు యూనివర్సిటీ. తరగతులే లేని చోట చేరినట్టు కాగితం ఉంటే, బాండ్ విచారణలో ఎదురయ్యే ప్రశ్న ‘నీకు తెలియదా?’ అన్నదే. కాలేజీలో నిజంగా చదివిన గుర్తులు, అంటే ట్రాన్‌స్క్రిప్టు, ఫీజు రసీదు, ప్రొఫెసర్ల ఈమెయిళ్లు, ఇప్పటినుంచే పోగుచేసుకోండి.

డబ్బు కట్టడం

చట్టం ప్రకారం కనీస బాండ్ 1,500 డాలర్లు, పై పరిమితి లేదు. ఐస్‌కు నేరుగా కడితే మొత్తం ఒకేసారి కట్టాలి. సినిమాల్లోలా పది శాతం లెక్క ఉండదు. బాండ్ కంపెనీ ద్వారా వెళ్తే వాళ్ల కమీషన్ తిరిగి రాదు. కట్టేది ఇప్పుడు ఐస్ ఆన్‌లైన్ వ్యవస్థ సీబాండ్స్‌లో, బ్యాంకు వైర్ లేదా ఏసీహెచ్ (ఖాతా నుంచి ఖాతాకు ఎలక్ట్రానిక్ బదిలీ) ద్వారా. క్రెడిట్ కార్డు పనికిరాదు. కట్టేవ్యక్తి పౌరుడో గ్రీన్ కార్డు ఉన్నవాడో అయితే చిక్కుండదు. హెచ్-1బి మిత్రుడు డబ్బు సర్దవచ్చు, పేరు మాత్రం మరొకరిది పెట్టించండి.

ఊరి నుంచి పంపే డబ్బు శుక్రవారం సాయంత్రం బయల్దేరితే వారాంతం గాల్లోనే ఉంటుంది. అది ఆ కట్టేవ్యక్తి అమెరికా ఖాతాలోకి చేరాలి. ఆర్‌బీఐ ఉదారీకృత చెల్లింపుల పథకం కింద ఒక వ్యక్తి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. ఈ రకం పంపకాల్లో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు టీసీఎస్ (మూలంలోనే వసూలు చేసే పన్ను) కోస్తుంది. ఆ లెక్క ముందే వేసుకోకపోతే అక్కడికి చేరేసరికి తగ్గుతుంది.

కట్టినవారి పేరు మీదే రీఫండ్ వస్తుంది. కాబట్టి ఎవరి డబ్బు ఎంతో ఒక కాగితం రాసుకోండి. మొహమాటపడితే రెండేళ్ల తర్వాత మాటలు పెరుగుతాయి. రసీదు, అంటే ఐ-305, జాగ్రత్త చేయండి. కేసు ముగిసి బాండ్ రద్దయినప్పుడు ఐ-391 వస్తుంది, ఆ రెండింటితో డబ్బు తిరిగి అడగాలి. కట్టినవారు ఇల్లు మారితే వాళ్ల చిరునామా కూడా ఐ-333తో తెలపాలి. మనిషిని ఫలానా తేదీన హాజరుపరచమని వచ్చే నోటీసు పాత ఇంటికి పోతే, బాండ్ జప్తు అయ్యాక తెలుస్తుంది.

బయటికి వచ్చాక

చిరునామా మారితే ఐదు పని దినాల్లో ఈఓఐఆర్-33తో కోర్టుకు తెలపాలి. యూఎస్‌సీఐఎస్‌కు ఏఆర్-11 పంపినంత మాత్రాన కోర్టుకు తెలిసినట్టు కాదు, ఐస్‌కు కూడా విడిగా చెప్పాలి. ఒక్క వాయిదా తప్పితే గైర్హాజరులోనే బహిష్కరణ ఉత్తర్వు వస్తుంది, బాండ్ పోతుంది. కోర్టు కేసుల స్థితి చెప్పే ఆటోమేటెడ్ ఫోన్ వ్యవస్థలో ఏ-నంబరు నొక్కి వారానికోసారి తేదీ వినండి. వాయిదాలు చెప్పాపెట్టకుండా ఇంకా దగ్గరి తేదీకి మారుతుంటాయి. పోస్టులో నోటీసు వచ్చేదాకా ఆగితే ఆ తేదీ దాటిపోయి ఉండవచ్చు.