యొన్ నదిలో పడవ తాడు విప్పే ముందు జాగ్రత్తలు

ఫ్రాన్స్‌లో ఒసేర్ నుంచి మోంతెరో వైపు అద్దె పడవలో బయల్దేరేవాళ్లకు:

• నీటి మీద మీ పడవ ఎత్తెంతో రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి. పైన పెట్టిన సైకిళ్లు, గొడుగూ లెక్కలోకే. వానలకు నది పెరిగితే వంతెన కింద ఖాళీ అంతమేర తగ్గుతుంది.

• వంతెన కమాను మీద పసుపు డైమండ్ గుర్తు ఒకటుంటే ఎదురు పడవ రావచ్చు. రెండుంటే ఆ దారిలో ఎదురు పడవలు రాకూడదు. ఎరుపు-తెలుపు-ఎరుపు అడ్డపట్టీల పలక ఉన్న కమాను జోలికి పోవద్దు.

• జలమార్గాల సంస్థ వీఎన్‌ఎఫ్ ప్రకటనలు ఆ ఉదయమే చూడండి. లాకుల (నీటిమట్టం పెంచి, తగ్గించి పడవను ఎక్కించే, దించే గేట్ల గదులు) మూసివేత, వరద కబురు అందులోనే. మధ్యాహ్నం సిబ్బంది భోజనానికి వెళ్తారు, హారన్ కొట్టి లాభం లేదు. మే 1న సాధారణంగా లాకులు తెరవరు.

• అసలు తిరకాసు లాకు గోడలతోనే. ఈ నదిలో చాలా లాకులకు గోడలు ఏటవాలుగా ఉంటాయి. దిగువకు దిగేటప్పుడు పడవ గోడను ఆనుకుంటే, నీరు తగ్గేకొద్దీ ఒక పక్క రాతి మీద కూర్చుని ఒరిగిపోతుంది. ఒకరు పొడవాటి కర్రతో గోడను నెడుతూనే ఉండాలి. తాడు గుంజకు ఒక్క చుట్టే వేసి, చేత్తో కొద్దికొద్దిగా వదలాలి. ముడేశారా, పడవ వేలాడుతుంది! వెనక గేటు దగ్గర నీళ్లలో గట్టు దాగి ఉంటుంది, కాబట్టి ముందుకే ఉండండి.

• లైఫ్ జాకెట్ ఈత వచ్చినవాళ్లూ వేసుకోవాలి.