భాగస్వామ్య లెక్కలు – 3: కొత్త భాగస్తుడికి వాటా ఎవరు వదులుకుంటున్నారు?

గత పాఠంలో ఇద్దరి మధ్య లాభం పంచాం. ఇప్పుడు మూడో మనిషి వస్తున్నాడు.

దామలచెరువులో అన్నదమ్ములకు మామిడికాయల మండీ ఉందనుకుందాం. లాభంలో అన్నకు 3 పాళ్లు, తమ్ముడికి 2. తోతాపురి సీజన్‌కు డబ్బు చాలక బావమరిదిని 1/5 వాటాకు చేర్చుకున్నారు. (ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే పాతవాళ్లంతా సరేనంటేనే కొత్తవాణ్ణి చేర్చుకోవాలి. 1932 భాగస్వామ్య చట్టం, 31వ సెక్షన్.)

చాలామంది టక్కున 3:2:1 అని రాసేస్తారు. అలాగైతే బావమరిదికి దక్కేది 1/6. ఒప్పుకున్నది 1/5 కదా!

ముందు మొత్తం లాభం 1 అనుకోండి. అతని 1/5 తీసేస్తే మిగిలేది 4/5. ఆ 1/5 ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో లెక్కలో చెప్పకపోతే, మిగిలినదాన్ని పాతవాళ్లు పాత నిష్పత్తిలోనే పంచుకుంటారు.

అన్న: 4/5 × 3/5 = 12/25
తమ్ముడు: 4/5 × 2/5 = 8/25
బావమరిది: 1/5 = 5/25

కొత్త నిష్పత్తి 12:8:5.

అదే 1/5ని అన్నదమ్ములు చెరిసగం ఇచ్చారనుకోండి. ఒక్కొక్కరు 1/10 వదులుకుంటారు. అన్నకు 3/5 – 1/10 = 5/10, తమ్ముడికి 2/5 – 1/10 = 3/10, బావమరిదికి 2/10. నిష్పత్తి 5:3:2.

రెండు పద్ధతుల్లోనూ బావమరిదికి వచ్చేది అంతే. మరి తేడా ఎవరికి? అన్నదమ్ములకు. మొదటి దాంట్లో నూటికి అన్నకు 48 రూపాయలు, తమ్ముడికి 32; రెండో దాంట్లో అన్నకు 50, తమ్ముడికి 30. పాత వాటాలోంచి కొత్త వాటా తీసేస్తే వచ్చేదే త్యాగ నిష్పత్తి. మొదటి దాంట్లో అది 3:2, రెండో దాంట్లో 1:1. బావమరిది గుడ్‌విల్ (వ్యాపారానికి ఉన్న మంచిపేరు విలువ) కింద లక్ష తెస్తే ఆ డబ్బు పంచేది ఈ నిష్పత్తిలోనే. మొదటి పద్ధతిలో తమ్ముడికి 40,000, రెండో పద్ధతిలో 50,000. వాటా ఎక్కువ వదులుకున్నాడు, డబ్బూ ఎక్కువ వచ్చింది. న్యాయమే.

పరీక్షలో బోల్తా కొట్టించేది ఇంకోటుంది: ‘1/3 వాటా ఇచ్చాడు’ అంటే మొత్తం లాభంలో 1/3. ‘తన వాటాలో 1/3 ఇచ్చాడు’ అంటే గుణించాలి. అన్న తన వాటాలో 1/3 ఇస్తే అతను వదులుకున్నది 3/5 × 1/3 = 1/5 మాత్రమే.

ఇది మీరు చేయండి. తిరుపతిలో ఒక టిఫిన్ సెంటర్, ఇద్దరు భాగస్తులు, నిష్పత్తి 5:3. కొత్తవాడికి మొదటివాడు తన వాటాలో 1/5, రెండోవాడు తన వాటాలో 1/3 ఇచ్చారు. కొత్త నిష్పత్తి 2:1:1 రావాలి. రాకపోతే గుణకారం దగ్గర మళ్లీ చూసుకోండి. గుడ్‌విల్ పద్దులు 4వ పాఠంలో.